సాల్మీ దారిలో కంచరగాడిద

పెద్దిరాజు తల్లి కడుపులో ఏడు నెలలే ఉన్నాడు. తొమ్మిది నెలలు ఒకే గదిలో ఉండడం తనవల్ల కాలేదట. పుట్టాక కూడా అదే వరస. ఉయ్యాల ఊపడం ఆపితే ఏడ్చేవాడు, ఊపుతుంటే దిగిపోయేవాడు. పెళ్ళిలో పీటల మీద కూర్చోలేక నిలబడే తలంబ్రాలు పోశాడనీ, అందుకే సగం బియ్యం పురోహితుడి నెత్తిన పడ్డాయనీ వాళ్ళత్తగారు ముమ్మిడివరంలో ఇప్పటికీ చెబుతూ ఉంటుంది.

అలాంటి మనిషికి కువైట్‌లో దొరికింది డ్రైవరు పని. బాగానే కుదిరిందనుకున్నారు అందరూ. కానీ అతని సారు హెల్డరుగారి ఇల్లు సల్వాలో, ఆఫీసు బ్నీద్ అల్ గార్‌లో. పొద్దున అటు, సాయంత్రం ఇటు, ఆరేళ్ళుగా అదే దారి. ఆ దారి కారుకి ఎంత బాగా వచ్చేసిందంటే, ఒకసారి పెద్దిరాజు టీ తాగడానికి దిగితే అది తనంతట తనే వెళ్ళి ఆఫీసు ముందు నీడ చూసుకుని ఆగింది. ఈ సంగతి పెద్దిరాజే చెప్పాడు కాబట్టి నమ్మాల్సిందే.

హెల్డరుగారు యూరప్‌లో ఒక చిన్న దేశానికి దౌత్యాధికారి. పటంలో ఆ దేశం మీద వేలు పెడితే వేలే కనిపిస్తుంది. ఆయన పేరు పొడుగ్గా ఉండేది కానీ, గోదావరి మనిషి నోట్లో పడ్డాక పొట్టిదై, చివర 'గారు' మొలిచింది. ఆయనకి చేతి గడియారం చూసుకునే జబ్బుంది. పెద్దిరాజుకి దారి చూసుకునే జబ్బుంది. ఇద్దరికీ చక్కగా కుదిరింది.

ఎనభై నాలుగు చలికాలంలో హెల్డరుగారికి బదిలీ వచ్చింది. మధ్య అమెరికాలో ఒక కొండల దేశం. అక్కడి ఆదివాసీ గూడేలకు ఈయన ప్రభుత్వం మంచినీళ్ళ గొట్టాలు వేయిస్తోందట. ఈయన గూడెం గూడెం తిరిగి వాళ్ళతో మాట్లాడాలి. రోడ్లు లేవు. కంచరగాడిద మీద పోవాలి.

అక్కడ ఇదివరకు పనిచేసినాయన ఫోన్లో ఒక్కటే గట్టిగా చెప్పాడట. "గూడెం పెద్ద నీ గాడిద కళ్ళెం పట్టుకుని ఊరి చివరిదాకా నడిచి సాగనంపితే, నిన్ను మళ్ళీ రమ్మన్నట్టు. గుమ్మం దగ్గరే నిలబడిపోతే మాత్రం, ఇక ఆ గూడేనికి నువ్వు వెళ్ళక్కర్లేదు. గొట్టాలు కూడా వెళ్ళవు."

ఈ మాట విన్న రోజు నుంచి పెద్దిరాజుకి నిద్ర పట్టలేదు. అంతకుముందు కూడా పట్టేది కాదు గానీ ఇప్పుడు కారణం దొరికింది. హెల్డరుగారు వెళ్ళిపోతే కఫీల్, అంటే పూచీపడ్డ యజమాని, వెళ్ళిపోయినట్టే. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఖలాస్. తిరిగి ఊరెళ్ళాలి. ఊళ్ళో ఆకలేం లేదు. అంబాజీపేటలో మావగారి కొబ్బరికాయల కొట్టుంది. గల్లాపెట్టె వెనక అల్లుడు కూర్చోవడానికి ఆయన టేకు స్టూలు కూడా చేయించి పెట్టాడు. పొద్దున ఎక్కితే రాత్రి దిగడమే. ఆ స్టూలు తలుచుకుంటే పెద్దిరాజుకి పిక్కలు పట్టేసేవి.

"మీరు వెంట ఒక మనిషిని తీసుకెళ్ళొచ్చటగదండీ?" అనడిగాడు ఒకరోజు స్టీరింగ్ తిప్పుతూ.

ఇంగ్లీషు, అరబ్బీ, చేతులు కలిపి ఆరేళ్ళుగా వాళ్ళిద్దరూ మాట్లాడుకునే భాషలో హెల్డరుగారు అన్నారు, "తీసుకెళ్ళొచ్చు. కానీ కంచరగాడిదల సంగతి తెలిసినవాడు కావాలి."

"భలేవారే. మేం బడికెళ్ళింది వాటిమీదే కదండీ."

కోనసీమలో జనం పడవెక్కుతారు, సైకిలెక్కుతారు, కొబ్బరిచెట్టెక్కుతారు. కంచరగాడిద ఎక్కినవాడు మాత్రం చరిత్రలో లేడు. అయినా పెద్దిరాజు ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

హెల్డరుగారు గడియారం చూసుకున్నారు. "అయితే ఇక్కడే ఒకసారి చేసి చూద్దాం. ఎడారిలో రెండు గూడేలు చూడు. రెండుచోట్లా పెద్ద మనల్ని సాగనంపితే నువ్వు నాతో వస్తున్నావు. లేదంటే లేదు."

పెద్దిరాజు ఆ వారమంతా నేలమీద కాలు పెట్టలేదు. పశువుల సంతలో ఒక కంచరగాడిదను మాట్లాడాడు. అది బస్రా వైపు నుంచి వచ్చిందనీ, అంతకుముందు రెండు యుద్ధాలు చూసిందనీ అమ్మేవాడు చెప్పాడు. దాని వాలకం చూస్తే రెండిట్లోనూ అదే గెలిచినట్టుంది. పెద్దిరాజు దానికి చిట్టెమ్మగారని పేరు పెట్టాడు. ఆడకూతురు, వయసులో పెద్దది, ఏకవచనం బాగుండదని.

జీను మాత్రం దొరకలేదు. అల్ రాయ్‌లో కార్ల సీట్లు కుట్టే చాంద్ బాషా దగ్గరికి పరిగెత్తితే, అతను పాత చెవర్లే కారు ముందు సీటు కోసి, పట్టీలు కుట్టి, చిట్టెమ్మగారి వీపు మీద బిగించాడు. తల ఆనించుకునే దిండు కూడా ఉంచేశాడు. సీటు వెనక్కి వాల్చుకునే మీట కూడా పనిచేస్తుందని చాంద్ బాషా హామీ.

ఇక గూడేలు. సాల్మీ రోడ్డు పక్కన రోడ్డు పనివాళ్ళ క్యాంపొకటుంది, అంతా గోదావరి జిల్లాల వాళ్ళే. దాని పెద్ద వెంకటసత్యనారాయణ, వంటమేస్త్రీ. అక్కడి నుంచి ఇసకదారిలో ఇంకాస్త లోపలికి పోతే గంగులయ్య గుడారం. రాయచోటి వైపు మనిషి, తన కఫీల్ మేకలు కాస్తాడు. ఆ చుట్టుపక్కల మనిషన్నవాడు అతనొక్కడే. పెద్దిరాజు రెండుచోట్లా అరువు తెచ్చిన వానెట్ ట్రక్కు ఆపకుండానే కిటికీలోంచి కేకేసి వచ్చాడు. "శుక్రవారం దొరగారొస్తున్నారు! పెద్దరికం చూపించండి! ఆయ్!"

శుక్రవారం పొద్దున్నే వానెట్‌లోంచి చిట్టెమ్మగారిని దింపారు. హెల్డరుగారు చెవర్లే సీటెక్కి బెల్టు కోసం వెతికారు. లేదు. పెద్దిరాజు ముందు నిలబడి తాడు పట్టుకున్నాడు.

"ఎల్దారండి," అన్నాడు గాడిదతో.

అది కదల్లేదు.

"చిట్టెమ్మగారూ, తవరు దయచేస్తే బాగుంటదండి."

'గారు' విన్న తర్వాతే అది కదిలింది. పెద్దిరాజు గర్వంగా వెనక్కి చూశాడు. హెల్డరుగారు గడియారం చూసుకుంటున్నారు.

మొదటి గూడెంలో వెంకటసత్యనారాయణ ఇస్త్రీ పంచె కట్టుకుని ఎదురొచ్చాడు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు, కూర్చోవడానికి సిమెంటు బస్తాల మీద దుప్పటి, ఆ తర్వాత వడ్డన. గారెలు, పులిహోర, మావిడికాయ పప్పు, కోడికూర, చేపల పులుసు, మళ్ళీ గారెలు. పూతరేకుల్ని చూసి హెల్డరుగారు అది ఏదో కాగితమనుకుని జేబులో పెట్టుకోబోతే ముగ్గురు కలిసి ఆపారు.

"చాలు," అన్నారు హెల్డరుగారు.

"అప్పుడే చాలేంటండీ, తవరు ముట్టుకోనేలేదు," అన్నాడు వెంకటసత్యనారాయణ, ఆయన ముట్టుకున్నచోటే ఇంకో గరిటె వేస్తూ.

"తినడం ఆపితే బాధపడతారండి సార్," అన్నాడు పెద్దిరాజు. తను మాత్రం ఒక గారె చేత్తో పట్టుకుని క్యాంపు చుట్టూ తిరుగుతూ తింటున్నాడు. మూడు గారెలకు మూడు చుట్లు.

రెండో విడత వడ్డన అయ్యేసరికి హెల్డరుగారి నడుం బెల్టు తను పుట్టాక ఎన్నడూ చూడని రంధ్రానికి చేరింది. నలుగురు కలిసి ఆయన్ని చెవర్లే సీటు మీదికెక్కించారు. వెంకటసత్యనారాయణ కళ్ళెం పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు వెనక వంటపాకలో ఎవరో ఎండుమిరపకాయల తాలింపు వేశారు.

"హాచ్!"

ఒక్కటే తుమ్ము, హెల్డరుగారిది.

"దింపండ్రా బాబూ దొరగారిని," అన్నాడు వెంకటసత్యనారాయణ. "ఒంటి తుమ్ము. బయల్దేరకూడదు."

దింపారు. కూర్చోబెట్టారు. మంచినీళ్ళిచ్చారు. మంచినీళ్ళతో పాటు ఊరికే ఎందుకని ఇంకో పూతరేకు కూడా ఇచ్చారు. మళ్ళీ ఎక్కించారు. మళ్ళీ తుమ్ము. ఈసారి చిట్టెమ్మగారు.

"గాడిద తుమ్ము లెక్కలోకి రాదండీ!" అన్నాడు పెద్దిరాజు, ఒంటికాలి మీద నుంచి ఇంకో ఒంటికాలి మీదికి మారుతూ.

"ఎందుకు రాదయ్యా? ముక్కుంది కదా?"

పెద్దిరాజుకి తొందర. కానీ ఒంటి తుమ్ము మీద అడుగు వేయడం అతని తరమూ కాలేదు. కాలు లేస్తుంది, ముందుకి పడదు. ఏ దేశం వెళ్ళినా కొన్ని అలవాట్లు మనిషికంటే ముందే విమానం దిగుతాయి.

చివరికి వెంకటసత్యనారాయణే ఉపాయం తీశాడు. "రెండో తుమ్ము పడితే శుభమే కదండీ. పడేట్టు చేద్దాం." మొలలోంచి ముక్కుపొడుం డబ్బా తీశాడు. మర్యాద కోసం ముందు దొరగారికి పెట్టాడు. హెల్డరుగారు ఇది ఆ గూడెపు ఆచారమనుకుని, ఎంతో గౌరవంగా, చిటికెడుకి బదులు గుప్పెడు పీల్చారు.

ఆ తర్వాత పడిన తుమ్ములకి సాల్మీ రోడ్డు మీద రెండు లారీలు ఆగాయి. ఒంటెలు కొన్ని సరిహద్దు దాటి సౌదీలోకి వెళ్ళిపోయాయి. జనం వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నారు. ఆఖరికి సరిసంఖ్య దగ్గర ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెంకటసత్యనారాయణ కళ్ళెం పట్టుకుని, క్యాంపు చివర తారు డ్రమ్ముల దాకా నడిచి, అక్కడ ఆగి దణ్ణం పెట్టాడు.

"మళ్ళీ రావాలండి."

పెద్దిరాజు గుండె సగం నిండింది. ఇక ఒక్క గూడెం.

కానీ ఎండ అప్పటికే నడినెత్తి దాటింది. పెద్దిరాజుకి ఎక్కడికీ ఆలస్యం కాలేదు. ఆలస్యమైనట్టు ఉండడమే అతనికి అలవాటు. తాడు లాగుతూ, "దయచేయండి, దయచేయండి," అంటూ చిట్టెమ్మగారికంటే వేగంగా నడిచాడు. వెనక చెవర్లే సీటు మీద హెల్డరుగారు మీట నొక్కుకుని సగం వాలిపోయారు.

గంగులయ్య గుడారం కనిపించింది. దాని ముందు ఇసకంతా గీతలు గీతలుగా ఊడ్చి ఉంది. ఎడారిని ఊడ్చినవాణ్ణి పెద్దిరాజు అదే మొదటిసారి చూడడం. గంగులయ్యకి యాభై దాటి ఉంటాయి. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుడారం లోపల చాప. చాప మీద మడతలు కనిపించే కొత్త దుప్పటి. పొయ్యి మీద సట్టిలో సంగటి కెలుకుతున్న కట్టె ఇంకా నిలబడే ఉంది.

"రాండి సామీ, రాండి. పొద్దన్నించీ దావ చూచ్చాండా. రా నాయనా పెద్దిరాజూ, కూర్చోండి. రాయచోటి నించి ఒకాయన తెచ్చిచ్చినాడు రాగిపిండి, అట్లనే దాసిపెట్టినా. కోడి కోసినా. ఊరిబిండి నూరినా."

ఊరిబిండి అంటే వేరుశనగ పచ్చడి. హెల్డరుగారి బెల్టు తిండి మాట వినగానే మూలిగింది.

"అయ్యో, ఇప్పుడే బోల్డు తినేసొచ్చామండీ గంగులయ్యగారూ," అన్నాడు పెద్దిరాజు గుమ్మంలోనే నిలబడి. "ఓ గుక్క మజ్జిగ ఇప్పించండి, చాలు. మాకు టైమవుతోంది."

"యాడికి టైము?"

పెద్దిరాజు మజ్జిగ నిలబడే గటగటా తాగి, గ్లాసు ఇసకలో పెట్టాడు. హెల్డరుగారు చాప మీద కూర్చోబోయి, పెద్దిరాజు నిలబడి ఉండడం చూసి, ఇక్కడ ఆచారం ఇలాగే కాబోలనుకుని తనూ నిలబడి తాగారు.

"అది గాదు నాయనా," అన్నాడు గంగులయ్య, "మొన్న ఈ మేకపోతు ఏం చేసిందంటే..."

"మళ్ళీసారి చెబుదురుగానండీ. యల్లా సార్, పదండి, యల్లా!"

గంగులయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగాడు. "అట్లనా," అన్నాడు.

హెల్డరుగారు గాడిదెక్కారు. పెద్దిరాజు తాడు అందించాడు, ఇక పట్టుకుని నడవండి అన్నట్టు. గంగులయ్య తాడు అందుకోలేదు. గుడారం కట్టె పట్టుకుని నిలబడ్డాడు. కోపంగా కూడా లేడు. ఊరికే నిలబడ్డాడు.

కాసేపు నడిచాక హెల్డరుగారు వెనక్కి తిరిగి చూశారు. "ఆయన గుమ్మం దగ్గరే ఉన్నాడు, పెద్దిరాజూ."

"కాళ్ళ నెప్పులండి ఆయనకి."

"రోజంతా మేకల వెనక నడుస్తాడుగా?"

"అదేనండి, అందుకే నెప్పులు."

హెల్డరుగారు ఈసారి గడియారం చూసుకోలేదు. అది చూసి పెద్దిరాజుకి మరీ భయం వేసింది. ముందు ఇసకలో వానెట్ కనబడుతోంది. ఇంకో పావుగంటలో ఎక్కొచ్చు, సల్వా వెళ్ళొచ్చు. ఆ తర్వాత పెట్టె సర్దుకోవచ్చు. ఆ తర్వాత అంబాజీపేట. స్టూలు.

"తవరు మెల్లగా పదండి సార్. నేను ఇప్పుడే వచ్చేస్తాను."

పరిగెత్తాడు. గుడారం చేరేసరికి గంగులయ్య చాప చుట్టేస్తున్నాడు. దుప్పటి మళ్ళీ పాత మడతల్లోనే పెట్టేశాడు.

"గంగులయ్యగారూ! కాస్త అక్కడిదాకా వచ్చి కళ్ళెం పట్టుకోండి బాబూ, పుణ్యముంటది. ఒక్క నాలుగడుగులు. అది లేకపోతే నా బతుకు కొబ్బరికాయల పాలవుద్ది!" అంటూ జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. కొండలు, గూడేలు, స్టూలు, అన్నీ.

గంగులయ్య చాప చుట్టడం ఆపలేదు. "సాగనంపాలంటే ముందు మనిషి రావాల గదప్పా. నువ్వు యాడొచ్చినావు? నిలబడి పోయినావు. కఫీల్ గూడా అంతే, బండిలో నించి నీళ్ళ డబ్బాలు, కుబ్బూస్ రొట్టెలు దించి పోతాడు. మనిషి ఈ చాప మీద కూర్చుని ఎన్నాళ్ళయిందో నాకే తెలీదు. నువ్వు కేకేసి పోయిన కాడి నుంచి ఈ దావే చూచ్చాండా. ఇసకంతా ఊడిచ్చి పెట్టుకుంటి. మేకలకి గూడా చెప్పినా, చుట్టాలొస్తాండారు, అరవద్దండి అని."

మేకలు నిజంగానే అరవడం లేదు.

పెద్దిరాజు కాలు తీసి కాలు వేశాడు. మళ్ళీ తీశాడు. తర్వాత చుట్టిన చాప గంగులయ్య చేతిలోంచి తీసుకుని, పరిచి, దానిమీద కూలబడ్డాడు. బాసింపట్టు వేసుకుని. కీళ్ళలోంచి వచ్చిన చప్పుడికి దగ్గర్లో ఉన్న మేక ఒకటి బెదిరింది.

"పెట్టండి."

గంగులయ్య సట్టి దించాడు. పిల్లకాయ తలంత సంగటి ముద్ద, మధ్యలో గుంట, గుంటలో కోడిపులుసు. పెద్దిరాజు ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, గోదావరి మనిషి ఏదైనా తినే పద్ధతిలో కసకసా నమిలాడు. సంగటి పై పళ్ళకీ కింది పళ్ళకీ సిమెంటులా పట్టేసింది. నోరు తెరవబోయాడు. తెరుచుకోలేదు.

"అయ్యో, నమిలితివా? సంగటి నమలగూడదబ్బా! తుంచుకోని, పులుసులో అద్దుకోని, మింగాల. అంతే."

"మ్మ్," అన్నాడు పెద్దిరాజు. యల్లా అనడానికి నోరు లేదు. లేవడానికి తిమ్మిరెక్కిన కాళ్ళు లేవు. దవడ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా గంగులయ్యకి, తను చెబితే వినే మనిషి దొరికాడని, ఇంత ఉన్న ముఖం అంతైంది.

"మొన్న మేకపోతు సంగతి చెప్తాంటి గదా. దాని పేరు హవల్దారు. ఒక పొద్దు దుమ్ము లేచింది చూడు, చెయ్యి పెట్టుకుంటే చెయ్యి కనబళ్ళా. దుమ్ము తగ్గినాక చూస్తే, మంద ల్యా. ఒక్క మేకంటే ఒక్క మేక ల్యా. కఫీల్ నన్ను సంపుతాడు అనుకోని ఈన్నే కూలబడితి. అప్పుడు హవల్దారు ఒక్కటే వచ్చింది. వచ్చి నా తుండుగుడ్డ కొస పంటితో పట్టుకునింది..."

నాలుగో ముక్కకి పెద్దిరాజుకి మింగడం పట్టుబడింది. అయిదో ముక్కకి హవల్దారు గంగులయ్యని గుడారం దాటించింది. ముద్ద అయిపోయేసరికి ఎండ పసుపుపచ్చగా వాలింది. మోకాలు ఒక్కసారి కూడా ఊగలేదని పెద్దిరాజుకి తెలియలేదు. హవల్దారు వెనకే నడుస్తున్నాడు కదా.

పెద్దిరాజు చెయ్యి కడుక్కుని లేచాడు. గంగులయ్య కూడా లేచాడు, కథ ఆపకుండానే. గుడారం దాటాడు, ఊడ్చిన ఇసక దాటాడు. కళ్ళెం లేదు కాబట్టి పెద్దిరాజు మణికట్టు పట్టుకున్నాడు. అలా పట్టుకునే నడిచాడు. తన ఊరి చివర ఎక్కడో గంగులయ్యకే తెలియాలి. ఆ చివర ఎంతకీ రాలేదు. పెద్దిరాజు అడుగులు మెల్లగా పడుతున్నాయి. వేగంగా నడిస్తే కథ పూర్తికాకముందే వానెట్ వచ్చేస్తుందని.

వానెట్ పక్కన చిట్టెమ్మగారు నిలబడి కునుకుతోంది. హెల్డరుగారు ఇంకా దాని వీపు మీదే ఉన్నారు, సీటు వెనక్కి వాల్చుకుని. ఇద్దరూ వస్తుండడం చూసి మీట నొక్కి నిటారుగా లేచారు. పెద్దిరాజు మణికట్టు మీదున్న చేతిని చాలాసేపు చూశారు.

"అది దాపున ఒక గుంతకాడికి తీసకపోయింది నన్ను," అంటున్నాడు గంగులయ్య. "పెద్ద గుంత. లోపల చీకటి. అంచుకు పోయి, వంగి, తొంగి చూచ్చును గదా..."

"పెద్దిరాజూ," అన్నారు హెల్డరుగారు. "ఆ కొండల్లో చలి ఎక్కువ. నీకు స్వెటర్ ఉందా? వచ్చే నెల పదో తారీఖున మన విమానం."

"ఒక్క నిమిషం ఆగండి సార్," అన్నాడు పెద్దిరాజు. "ఆయ్, చెప్పండి గంగులయ్యగారూ. గుంతలో ఏవుందండి?"